లోపల వదిలిన గుడ్డ

కొత్తగూడ, హైదరాబాదు
2024 ఆగస్టు 11

చీరాల వదినెకు భూలక్ష్మి రాస్తున్నది.

ఇక్కడ అందరం ఉన్నాం. క్షేమమని రాయడానికి నాకు భయం. పోయినసారి క్షేమమని రాసి కవరు అతికించానో లేదో, మీ అల్లుడు ఓంకార్ బండి మీంచి పడి మోకాలు చెక్కుకున్నాడు. అందుకని ఉన్నాం అని మాత్రం రాస్తున్నా.

ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్తావు, నడుమ మీ జయంతి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంటుంది. రాత్రి బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఇందుకైనా పనికొచ్చాయి. ఒత్తులు తప్పితే సర్దుకో.

సంగతేమంటే, మన హర్షిణి పన్నెండో తరగతికి వచ్చింది గదా. బడి విడిచిపోయే పిల్లలందరి ఫోటోలతో ఒక పుస్తకం అచ్చేస్తారట. ఒక్కొక్కరికి ఒక పేజీ. మామూలు ఫోటో పనికిరాదట. ఎవరికి వాళ్లు ఫోటోగ్రాఫర్‌ను మాట్లాడుకుని, మంచి జాగాకు పోయి, బట్టలు మార్చి మార్చి తీయించుకోవాలట. దీని దోస్తు సంయుక్త గోవా పోయి సముద్రం ఒడ్డున తీయించుకుని వచ్చింది. ఇక ఇదీ సముద్రమే కావాలని కూర్చుంది. ఓంకార్ అన్నాడు, "సముద్రం యాడికెల్లి తేవాలె బిడ్డా, దుర్గం చెరువు కాడ దిగరాదు, వెనక కేబుల్ బ్రిడ్జి గూడ పడ్తది" అని. అది మూతి ముడుచుకుంది. జయంతి కలగజేసుకుని, "మా అమ్మ ఇంటి నుంచి ఓడరేవు బీచ్ ఎంత దూరం? డిసెంబరులో తీసుకెళ్దాం, ఎండ కూడా ఉండదు" అంది. అట్ల నీ మీద పడ్డది ఈ పని.

ఆ మాట విన్న కాణ్ణుంచి నాకు కంటికి కునుకు లేదు. సముద్రం నేను చూసింది ఒకేసారి, ఓంకార్, జయంతి పెళ్లికి మీ ఇంటికి వచ్చినప్పుడు. కాళ్ల కింద ఇసుక జారిపోతుంటే మా లింగమూర్తి భుజం పట్టుకుని కండ్లు మూసుకున్నా. ఆయన ఉన్నన్నాళ్లు దెప్పాడు, సముద్రం చూడ్డానికి పోయి కండ్లు మూసుకున్న మనిషివి నువ్వొక్కతెవే అని. ఇప్పుడు ఆయన లేడు, పట్టుకోవడానికి భుజం లేదు. పిల్లనేమో నీళ్లల్లో నిలబెడతారట.

మూడు జతల బట్టలు కావాలి. ఒకటి తెల్ల గౌను, ఫోన్లో తెప్పించుకుంది. తెల్లబట్ట తొడుక్కుని నీళ్ల ఒడ్డున నిలబడడం ఏం శకునమే అంటే నవ్వుతుంది. రెండోది జీన్సు ప్యాంటు మీద వాళ్ల నాయన చొక్కా. బట్టలు లేవనుకుంటరే అంటే, "లూజుగా ఉంటేనే స్టైల్ నానమ్మా, నీకు తెల్వదు" అంటుంది. మూడోది లంగా ఓణీ. అది నేను పట్టుబట్టి ఒప్పించింది. గుడ్డ నీ చేత్తో ఎంచి, నువ్వే కుట్టాలె.

జాకెట్టుకు ఆది పంపుతున్నా. పోయినేడు మీ కొడుకు సాయిచంద్ పెళ్లికి నువ్వు కుట్టిందే. కొలత దాన్ని చూసి తీసుకో. చేతులు మణికట్టు దాకా పెట్టమంటుంది. ఈ కాలం పిల్లల్లో ఒళ్లు కప్పుకుంటానన్నది ఇదొక్కతే, నాకు సంతోషమనిపించింది. ఒక్క మాట మరువకు. కుట్టు లోపల గుడ్డ బాగా వదులు. ఎదిగే పిల్ల. రేపు ఒళ్లు చేస్తే విప్పి పెద్దది చేసుకోవచ్చు.

నీ వదినె,
భూలక్ష్మి


చీరాల
2024 ఆగస్టు 25

వదినగారికి జయలక్ష్మి నమస్కారాలు.

మీ ఉత్తరం, ఆది జాకెట్టు అందాయండి. మీరు నన్ను నువ్వు అని రాస్తారని మా తోడికోడలు దెప్పుతుంది. నాకు మాత్రం సొంత అక్క పిలిచినట్టే ఉంటుంది. నేను మీరు అనే రాస్తాను, మా వైపు చెయ్యి అలా తిరిగిపోయింది.

సముద్రం గురించి బెంగ పెట్టుకోకండి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి దాని పక్కనే ఉన్నాను, మా ఇంటి మనిషిని ఎవర్నీ ఏమీ అనలేదు. పిల్ల చెయ్యి నేను పట్టుకుంటాను.

గుడ్డ కోసం మగ్గాల వీధంతా తిరిగాను. చిలకపచ్చ లంగా, వంగపండు రంగు జాకెట్టు, వెన్నపూస రంగు ఓణీ. నీలంగా ఉండే నీళ్ల ముందు చిలకపచ్చ తేలిపోతుందేమోనని ఒక పూట ఆలోచించి, గుడ్డ పట్టుకుని ఆటోలో ఓడరేవు వెళ్లి ఇసుక మీద పరిచి చూశానండి. జాలరివాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. తేలిపోలేదు. బ్రహ్మాండంగా ఉంది.

ఆది జాకెట్టు చూడగానే నవ్వొచ్చింది. సాయిచంద్ పెళ్లిలో గుర్తుందా మీకు? ఊపిరి ఆడటం లేదని పిల్ల ఏడుపు మొహం పెట్టుకుని వచ్చింది. పెళ్లివారందరి మధ్యా కూర్చోబెట్టి, రెండు పక్కలా కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డంతా బయటికి లాగి కుట్టాను. "హైదరాబాదు బిర్యానీ బాగానే ఒంటబట్టింది, ఇంకో నెల ఆగితే థాను మొత్తం కావాలి" అన్నాను. విడిదిల్లంతా ఒకటే నవ్వు. మీరూ "మా జొన్నరొట్టె బలం" అన్నారు. పిల్ల కూడా నవ్విందిలెండి.

ఈసారి ముందే జాగ్రత్తపడి లోపల రెండు వేళ్ల వెడల్పు వదిలాను. ఎంత ఒళ్లు చేసినా భయం లేదు. తొడిగి చూసి రాయండి.

ఇట్లు,
జయలక్ష్మి


కొత్తగూడ
2024 సెప్టెంబరు 8

వదినెకు,

కోపం తెచ్చుకోనంటే ఒక మాట రాస్తా. నీ కండ్లు ఒకసారి చూపించుకో. మా కింద ఫ్లాటు ముసలామెకు కూడా ఇట్లనే మొదలైంది, ముందు సూదిలో దారం ఎక్కలేదు, తర్వాత శుక్లాలని తేలింది.

జాకెట్టు తొడిగితే చిలక్కొయ్యకు తగిలించినట్టు ఉంది. ఒక భుజం మీంచి జారింది. చంకల కింద నా పిడికిలి పట్టింది. నీ పని చెడిందని నేను బాధపడుతుంటే దానికి మాత్రం మురిపెం. అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, "చూడు నానమ్మా, ఎంత లూజైందో" అని నన్ను పిలిచి మరీ చూపించింది. జయంతి ల్యాప్‌టాప్ ముందర మీటింగులో ఉంది. చెవిలోది తీయకుండానే లేచి వచ్చి, వెనక నుంచి గుడ్డ గుప్పిట్లో పట్టుకుని, "పర్లేదు అత్తయ్యా, అమ్మకి పంపితే సైజు చేసేస్తుంది" అని చెప్పి మళ్లీ పోయి కూర్చుంది. ఎక్కడెక్కడ బిగించాలో గుండుసూదులు పెట్టి పంపుతున్నా. విప్పేటప్పుడు గుచ్చుకుంటాయి, చూసుకో.

ఇక్కడ నా పరేషాన్లు నాకున్నాయి. మా ముందర ఫ్లైఓవరు మీద పెద్ద లారీ పోతే మా గోడ వణుకుతుంది, అద్దాలు గలగలమంటాయి. ఓంకార్‌కు చెప్తే, "అమ్మా, ఇంజనీర్లు చూసుకుంటరు, నువ్వు పండు" అన్నాడు. మొన్న లిఫ్టు నడుమ ఆగింది. అప్పటినుంచి పిల్ల మెట్ల మీదే ఎక్కి దిగుతుంది. భయపడి కాదు, ఊరికే. నేను చెప్పకుండానే నా మాట విన్నట్టైంది.

ఆ ఫోటోగ్రాఫర్ పేరు గిరీష్ అట. నీళ్లల్లోకి పొమ్మంటే పోవద్దని పిల్లకు నువ్వు కూడా చెప్పు.

భూలక్ష్మి


చీరాల
2024 సెప్టెంబరు 21

వదినగారికి,

నా కళ్లు బాగానే ఉన్నాయండి. నలభై ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. పెళ్లికూతుళ్లు, బాలింతలు, అందరూ నా చేతి కింద నుంచే వెళ్లారు. ఆది ఎలా ఉంటే అలా కుట్టాను. తప్పు నా కత్తెరది కాదు, మీరు పంపిన ఆదిది. జయంతి జాకెట్టు ఏదైనా పొరపాటున పెట్టారేమోనని మళ్లీ తీసి చూశాను. కాదు, పెళ్లినాటిదే, నేను విప్పి కుట్టిన దారం కూడా ఉంది. మరి పిల్ల తగ్గిందా?

తగ్గితే ఎందుకు తగ్గిందని అడగొచ్చా? మీరు తప్పుగా అనుకోకపోతే, మా పిల్లలకి చిన్నప్పటినుంచీ అన్నం, పప్పు, నెయ్యి అలవాటు. పొద్దునా సాయంత్రం ఎండు రొట్టెలు పెడితే వాళ్లకి దిగవు. జయంతి ఉద్యోగంలో ఉంటుంది, వంటిల్లు మీ చేతిలోనే కదా. అంతకంటే నేను రాయకూడదు.

సూదులున్న చోట బిగించి పంపుతున్నాను. మీరన్నట్టే సూది గుచ్చుకుంది, ఎడమ చేతి బొటనవేలికి. లోపలి గుడ్డ కత్తిరించలేదు, అలాగే మడిచి పెట్టాను. ఇకనైనా కొత్త ఆది పంపండి, ఈ మధ్య తొడుక్కుంటున్నది.

జయలక్ష్మి


కొత్తగూడ
2024 అక్టోబరు 13

వదినెకు,

నీ ఉత్తరం చదివి, మడిచి, బియ్యం డబ్బా వెనక పెట్టిన. జయంతికి చూపించలేదు. చూపిస్తే మన ఇద్దరి నడుమ అది నలుగుతుంది.

నా చేతి తిండికి నువ్వు వంక పెట్టొద్దు. దసరాకు ముందు సద్దుల బతుకమ్మ నాడు పులిహోర, పెరుగన్నం, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, అన్నీ నేనే చేసిన. సెలవుల్లో కూడా స్పెషల్ క్లాసులని పోయి వచ్చిన పిల్లకు విస్తరి వేస్తే, "బడిల తిన్న నానమ్మా, కడుపు ఫుల్" అంది. మరి బడిలో పెద్ద క్యాంటీన్ ఉంది, అక్కడ పెడతారు. నేను చూసి వచ్చానా? ఇంట్లో ఏం తింటావంటే ఒకరోజు పండు అంటుంది, ఒకరోజు మజ్జిగ అంటుంది. పరీక్షల ఏడు, పిల్లలందరూ ఇట్లనే ఉన్నారని జయంతి చెప్పింది. నేను రొట్టె మానేసి మీ లెక్క ముద్దపప్పు, నెయ్యి కూడా మొదలుపెట్టిన. నెయ్యి వాసన రాంగనే లేచి పోతుంది. నీ నెయ్యి కూడా పనిచేయలేదని రాస్తున్నా, దెప్పడానికి కాదు.

బతుకమ్మ ఆడేటప్పుడు రెండు చుట్లు తిరిగి అరుగు మీద కూర్చుంది. ఒకప్పుడు ఆ జాగాలో మా జొన్నచేను ఉండేది, ఇప్పుడు మా అపార్ట్‌మెంటు పార్కింగు. పిల్ల చేతులు మంచులెక్క ఉన్నాయి. అంత మందిలో, అంత ఉక్కలో స్వెటర్ వేసుకుని కూర్చుంది. నేను అడిగితే, "బడిల ఏసీ అలవాటైంది" అంది. మా పైఫ్లాటు స్వప్న దాన్ని చూసి, "అబ్బ, హీరోయిన్ లెక్క అయినవ్ హర్షిణి, ఏం సీక్రెట్" అంటే దాని మొహం ఎంత వెలిగిందో. చాన్నాళ్లకు అట్ల నవ్వింది. దిష్టి తగులుతుందని రాత్రి ఉప్పు, మిరపకాయలు తీసి పారేసిన.

బిగించిన జాకెట్టు కూడా వదులే అయింది. తిప్పి పంపుతున్నా. కొత్త ఆదికి దాని బడి చొక్కా పెడుతున్నా, ఈ నెలలో కొన్నది. దీంతోనన్నా సరిగ్గా రావాలె.

తెల్ల గౌను వద్దని నేను పోరితే దానికి నడుముకు ఒక ఎర్ర గుడ్డ పట్టీ కడతానని ఒప్పుకుంది. ఒక శకునం తప్పింది.

భూలక్ష్మి


చీరాల
2024 అక్టోబరు 24

వదినగారూ,

మీ చేతి వంట గురించి నేను రాసింది తప్పు. మనసులో పెట్టుకోకండి. ఇది వేరే సంగతి.

బడి చొక్కా అందింది. నేల మీద పెళ్లినాటి జాకెట్టు పరిచి, దాని మీద ఈ చొక్కా పెట్టాను. చొక్కా అంటే జాకెట్టు కంటే వదులుగా కుడతారు. ఆ వదులు చొక్కా జాకెట్టు లోపల ఇమిడిపోయింది. చుట్టూరా జాకెట్టు అంచు కనపడుతోంది, పొలానికి గట్టులాగా. పొయ్యి మీద పాలు పొంగినా నాకు వినపడలేదు, వాసనకి తెలిసింది.

మీరు నిజం చెప్పండి. పిల్లకి ఏదైనా జబ్బు చేసిందా? మందులు వాడుతున్నారా? రేపు పెళ్లి సంబంధాలకి అడ్డం వస్తుందని దాస్తున్నారా? నా దగ్గర దాచడం ఎందుకండి, నేను దాని అమ్మమ్మని. మా పెదనాన్న కూతురికి క్షయ వస్తే ఊరంతటికీ తెలిసేసరికి ఆలస్యం అయిపోయింది. ఈ వయసులో ఎదిగే పిల్ల తగ్గడం నేను ఎక్కడా చూడలేదు.

జాకెట్టు చొక్కాకి సరిపడా చేసి పంపుతున్నాను. లోపల గుడ్డ ఇప్పుడు బయట గుడ్డ కంటే ఎక్కువగా ఉంది. కత్తిరించడానికి చెయ్యి రాలేదు.

జయలక్ష్మి


కొత్తగూడ
2024 నవంబరు 3

వదినెకు,

జబ్బు అని రాయడానికి నీకు చేయి ఎట్ల వచ్చింది? మా ఇంట్లో దాచే జబ్బు ఏదీ లేదు. ఉంటే ముందుగాల నేనే నలుగురికి చెప్పుకుని ఏడుస్తా, నా సంగతి నీకు తెలియదా? పెళ్లి సంబంధాలట. పదిహేడేండ్ల పిల్ల.

ఇంతవరకు రాసి పక్కన పెట్టిన. మళ్లీ తీసి రాస్తున్నా.

దీపావళి పొద్దున తలకు నూనె పెట్టి వీపు రుద్దుదామని కూర్చోబెట్టిన. ఎప్పుడూ తనే చేసుకుంటానని తలుపు పెట్టుకునేది, పండుగని బతిమాలితే మెడ దాకా ఒప్పుకుంది. నా చేయి మెడ కిందికి దిగింది. వదినా, మా లింగమూర్తికి ఆఖరి రోజుల్లో నేనే ఒళ్లు తుడిచిన. అదే ఒళ్లు తగిలింది నా చేతికి. నేను ఉలిక్కిపడితే అది లేచి స్వెటర్ వేసుకుంది. "ఏం కాలేదు నానమ్మా, నీ చేతులు చల్లగున్నయ్" అంది.

ఆ రోజే ఓంకార్‌ను బాల్కనీలోకి పిలిచి చెప్పిన. వాడు దీపాల తీగ చుట్టుకుంటూ విన్నాడు. "అమ్మా, నువ్వు గ్యాస్ లీకైతున్నదంటవ్. గోడ వణుకుతున్నదంటవ్. లిఫ్టుల పడి సస్తమంటవ్. ఏదన్న ఒక్కటి అయిందా? పిల్ల మంచిగ ఫిట్టుగ ఉంటే అది గూడ ఫికరేనా నీకు" అన్నాడు. వాడు కోపంగా అనలేదు. నవ్వుకుంటూనే అన్నాడు. జయంతి కూడా నవ్వింది. పిల్ల కూడా.

నిజమే గదా. నేను చెప్పినవి ఏవీ కాలేదు. ఎన్నిసార్లు అరిచానో లెక్క లేదు, ఇప్పుడు అసలుది వస్తే నా గొంతు ఎవరికీ వినపడదు. నీకు చెవులు లేక వినపడదు, వీళ్లకు నా మాట అలవాటై వినపడదు.

నేను పొరపాటు పడ్డాననే నువ్వు రాయి. ఎదిగే పిల్లలు ముందు పొడుగై తర్వాత ఒళ్లు చేస్తారని రాయి.

భూలక్ష్మి


చీరాల
2024 డిసెంబరు 17

వదినగారికి,

మీకు ఈపాటికి అన్నీ తెలిసే ఉంటాయి. అయినా నా కళ్లతో చూసింది మీకు నేనే చెప్పాలి. అంబులెన్సులో జయంతి, పిల్ల బయల్దేరాక రెండు రోజులు ఇంట్లో ఊరికే కూర్చున్నాను.

మీ దీపావళి ఉత్తరం వచ్చినప్పుడే సాయిచంద్ చేత జయంతికి ఫోన్ చేయించాను. డాక్టరుకి చూపించమన్నాను. "అమ్మా, అత్తయ్య భయం నీకూ అంటుకుందా, ఫోటోలు అయ్యాక చూద్దాం" అందట. డిసెంబరు దాకా ఆగాను. ఆగకుండా ఉండాల్సింది.

శనివారం తల్లీకూతుళ్లు వచ్చారు. పిల్లని కావలించుకుంటే నా చేతులు దాని వెనక ఒకదాన్నొకటి దాటిపోయాయి. పెసరట్టు వేసి పెట్టాను. ముక్కలు ముక్కలు చేసి పళ్లెమంతా పరిచింది. తిన్నట్టే కనపడింది, తినలేదు.

ఆదివారం పొద్దున్నే ఓడరేవు వెళ్లాం. ముందు లంగా ఓణీ. బడి చొక్కాకి సరిపడా కుట్టిన జాకెట్టు కూడా వదులైపోయింది. ఆ అబ్బాయి గిరీష్ మంచివాడే. సంచిలోంచి బట్టల క్లిప్పులు తీశాడు. "అందరికీ పెడతామండి, ముందు నుంచి కనపడవు" అని సాయిచంద్‌తో అన్నాడట. వీపు వెంట ఒకటి పెట్టాడు, చాల్లేదు. ఇంకోటి పెట్టాడు. పెడుతూనే ఉన్నాడు. జయంతి ముందు నిలబడి వెలుతురు పడటానికి ఒక తెల్ల అట్ట పట్టుకుంది. ఆమెకి పిల్ల ముందు నుంచి కనపడుతోంది. అటునుంచి చూస్తే బొమ్మేనండి. చిలకపచ్చ, వంగపండు, వెనక నీళ్లు. గిరీష్ ఫోటోలు తీస్తున్నాడు, అందరూ ఏవో అంటున్నారు, నవ్వుతున్నారు. గాలికి నాకు ఒక్క ముక్క వినపడలేదు. నేను వెనక ఉన్నాను, చూడటం ఒక్కటే నా పని. వెనక నుంచి పిల్ల లేదు. బట్టలారేసిన తీగ ఉంది.

నేను వెళ్లి జయంతి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కొచ్చాను. అట్ట ఇసకలో పడేసింది. క్లిప్పులు ఒక్కొక్కటే తీసింది. అన్నీ తీసేసరికి జాకెట్టులోకి గాలి దూరి పడవ తెరచాపలా లేచింది. పిల్ల వెనక్కి తిరిగి ఏదో అంది. తరవాత సాయిచంద్ చెప్పాడు, "అమ్మా, తియ్యకు, ఫోటో పాడవుతుంది" అందట. ఆ మాట అంటూనే మోకాళ్ల మీద కూలబడిపోయింది. నీళ్లు ఇంకా చాలా దూరంలో ఉన్నాయి వదినగారూ. సముద్రం దాన్ని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు.

ఇక్కడి ఆసుపత్రిలో గుండె నెమ్మదిగా కొట్టుకుంటోందన్నారు, హైదరాబాదు తీసుకెళ్లమన్నారు. తెల్ల గౌను మడత విప్పలేదు. పిల్ల ఒంటి మీద లంగా ఓణీతోనే పంపాను. ఎలా ఉందో రాయండి.

జయలక్ష్మి


కొత్తగూడ
2025 ఫిబ్రవరి 23

వదినెకు,

రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. చాలాసార్లు కాగితం తీసిన, మొదటి మాట దొరకలేదు.

పిల్లను నెలకు పైగా దవాఖానలో ఉంచి, సంక్రాంతి దాటినాక ఇంటికి పంపారు. మొన్న మళ్లీ చేర్చినం, మళ్లీ తెచ్చినం. డాక్టరమ్మ నన్ను కూడా కూర్చోబెట్టి చెప్పింది. ఇది కడుపుది కాదట, మనసుదట. ఆకలి అయితుంది, కానీ తినబుద్ధి కానీయదట. అద్దంలో మనకు కనపడే పిల్ల దానికి కనపడదట, అక్కడ ఎవరో లావుపాటి మనిషి కనపడుతుందట. ఎన్నాళ్లకు తగ్గుతుందమ్మా అని అడిగిన. కొందరికి ఏండ్లు పడుతుంది, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది, ఆలస్యంగా తెచ్చారు అంది. కొందరికి అంది గదా, మిగతావాళ్ల సంగతి నేను అడగలేదు. అన్నీ అడిగే నేను అది అడగలేదు.

పరీక్షలు రాయడం లేదు. ఓంకార్, జయంతి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. నీ ఆఫీసు వల్ల అని వీడు, నీ కండ్లేమైనయని ఆమె. మొన్న ఓంకార్ నా పక్కన వచ్చి కూర్చుని, "అమ్మా, నువ్వు చెప్పినవ్" అన్నాడు. ఆ మాట వాడు అనకుంటేనే బాగుండు. ఇప్పుడు నేను గ్యాస్ వాసన వస్తుందన్నా లేచి పోయి చూస్తున్నాడు. నాకు అదీ భయంగానే ఉంది.

బడి పుస్తకం వచ్చింది. ఒక పేజీ నిండా మన హర్షిణి. చిలకపచ్చ నువ్వన్నట్టే తేలిపోలేదు. వెనక క్లిప్పులు ఏవీ కనపడవు. చూసినవాళ్లందరూ మెచ్చుకుంటున్నారు. స్వప్న వాళ్ల చిన్నపిల్ల ఆ పేజీ ముందర కూర్చుని, "అక్క ఏం తింటది నానమ్మా, ఇట్ల కావాలంటే" అని అడిగింది. ఆ పుస్తకం నా చీరల కింద పెట్టి తాళం వేసిన.

ఇప్పుడు అసలు సంగతి. నిన్న మధ్యాహ్నం పిల్ల పండుకున్నప్పుడు నీ జాకెట్టు తీసుకుని బాల్కనీలో కూర్చున్నా. కుట్లు విప్పి పెట్టుకుందామని. ఇప్పటికి అవసరం లేదు, తెలుసు. కానీ లోపల నువ్వు వదిలిన గుడ్డ ఉంది గదా, విప్పి సిద్ధంగా పెడితే అది నిండుతుందేమో అనిపించింది. ముసలిదాని పిచ్చి. బ్లేడు తీసుకుని జాకెట్టు తిరగేసిన.

లోపల గుడ్డ లేదు వదినా. కుట్టు పక్కనుంచి అంచు మొత్తం కత్తిరించి ఉంది. రెండు పక్కలా, చేతుల లోపల, భుజాల కాడ కూడా. ఎంత నీటుగా అంటే ఒక్క పోగు లేవలేదు. నీ మనుమరాలే. ముందు నువ్వే కోశావనుకున్నా. నీ ఉత్తరం తీసి చూసుకున్నా. చెయ్యి రాలేదని రాసినవు.

అది లేచినాక మంచం మీద పక్కన కూర్చుని అడిగిన.

"ఇది ఎవరు కోసిన్రు బిడ్డా?"

"నేనే. చీరాలకు పోయే ముందు."

"ఎందుకే? రేపు పెద్దది చేసుకోవద్దా?"

"మల్ల ఎవరూ విప్పొద్దని" అంది.

ఎవరి పేరూ అనలేదు. సాయిచంద్ పెళ్లి మాట ఎత్తలేదు. నా దిక్కు చూసి, నా చేతిలోంచి జాకెట్టు తీసుకుని, తిరగేసి మడతపెట్టింది. చాలా మెల్లగా మడతపెట్టింది, పసిపిల్లను పడుకోబెట్టినట్టు. నాకు ఆ విడిదిల్లు గుర్తొచ్చింది. నువ్వు దారం పళ్లతో కొరకడం, అందరం నవ్వడం. పిల్ల కూడా నవ్విందని రాసినవు గదా. నాకూ అట్లనే యాదికుంది. మనం దాని మొహం చూసినమా, లేక జాకెట్టు చూసినమా, అది మాత్రం యాదికి రావడం లేదు.

ఆ పెళ్లి జాకెట్టు, మొదటి ఆది, నీ దగ్గరే ఉండిపోయింది. తిరిగి పంపకు. పారేయకు. దాని కొలతకే ఇంకొకటి కుట్టు, ఏ గుడ్డయినా సరే. తొడుక్కుంటుందని కాదు. నా పెట్టెలో ఉంచుకుంటా.

కుట్టు లోపల గుడ్డ వదలాలా వద్దా అని అడుగుతావు. ప్రతిసారీ నేనే చెప్పేదాన్ని. ఈసారి నాకు తెలియదు.

ఇక్కడ అందరం ఉన్నాం.

భూలక్ష్మి